బిడ్డ గురక ముద్దు కాదు, నాలుక కింద కూడా చూడండి



బిడ్డ పుట్టగానే తహ్నీక్ చేస్తాం. నమిలి మెత్తగా చేసిన ఖర్జూరాన్ని అంగిలికి రాస్తాం. ఇంటిల్లిపాదీ బిడ్డ నోటి వంక మురిపెంగా చూసే రోజు అది. కానీ ఆ రోజు నాలుక ఎత్తి కింద ఏముందో చూసేవారు ఎందరు?

ఆ మధ్య మంగళవాడలో ఒక దాదీ ఆరేళ్ల మనవణ్ణి తీసుకొచ్చారు. "హకీం సాబ్, వీడు రాత్రంతా నోరు తెరిచే పడుకుంటాడు. పెద్దవాళ్లలా గురక పెడతాడు. ఆడి ఆడి అలసిపోయి గాఢంగా నిద్రపోతున్నాడనుకున్నాం. పొద్దున లేపితే లేవడు, బడిలో కునుకుతాడు. మంచి మాజూన్ ఇవ్వండి" అన్నారు. నాలుక చాపమంటే కొన పెదవి దాటలేదు, మధ్యలో నొక్కుకుపోయింది. నాలుక కింది పొర పొట్టిగా ఉంది. దీన్నే డాక్టర్లు టంగ్ టై అంటారు. నేను మాజూన్ ఇవ్వలేదు. ముక్కు, చెవి, గొంతు డాక్టరు దగ్గరికి పంపాను. దాదీ చిన్నబుచ్చుకున్నారు. తీరా చూస్తే వాడికి టాన్సిల్స్ కూడా బాగా పెరిగి ఉన్నాయి.

నోరు మూసుకున్నప్పుడు నాలుక పైకి లేచి అంగిలికి ఆనుకొని ఉండాలి. ఎదిగే వయసులో అంగిలి వెడల్పు కావడానికి అది సాయపడుతుంది. పొర కట్టేస్తే నాలుక కిందనే ఉండిపోతుంది. అంగిలి ఇరుకుగా, ఎత్తుగా పెరగవచ్చు. అంగిలి పైభాగమే ముక్కుకు నేల కాబట్టి ముక్కు దారీ ఇరుకవుతుంది. అప్పుడు బిడ్డ నోటితో గాలి పీలుస్తాడు. నిద్రలో కండరాలు సడలితే ఆ కాస్త దారీ మూసుకుపోతుంది. పొట్టి పొరకూ, పిల్లల్లో నిద్రలో ఊపిరి ఆగడానికీ సంబంధం ఉందని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యులు 2016లో రాశారు.

అలాగని పొర కనబడితే చాలు కోయించేద్దామనుకోవడం కూడా పొరపాటే. చాలామంది పిల్లలకు పొర ఉన్నా ఏ ఇబ్బందీ ఉండదు. అవసరం లేకుండానే కోతలు పెరుగుతున్నాయని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2024లో హెచ్చరించింది. పిల్లల్లో నిద్రలో ఊపిరి అడ్డుకోవడానికి ఎక్కువగా కారణం టాన్సిల్స్, అడినాయిడ్స్ వాపు. ముందు వాటిని చూపించాలి.

ఇక మా హకీంలకూ ఒక మాట. పొట్టి పొరను జోషాందా కరిగించదు, ఖమీరా సాగదీయదు. ఈ మాట చెప్పడం యునానీకి తలవంపు కాదు. వెయ్యేళ్ల కిందట కార్డోబాలో అబుల్ ఖాసిం జహ్రావీ రాసిన 'అల్ తస్రీఫ్' శస్త్రచికిత్స భాగంలో నాలుక కింది పొరను కోసే పద్ధతి ఉంది. కోత అవసరమైన చోట మందు పొట్లాలతో కాలయాపన చేయడం మన పెద్దల దారి కాదు.

అయితే యునానీ చేయగలిగినదీ ఉంది. ఆరోగ్యానికి తప్పనిసరి అని మన వైద్యం చెప్పే ఆరు విషయాల్లో గాలి మొదటిది, నిద్ర, మెలకువ మరొకటి. బిడ్డ పడుకునే గదిలో బీడీ, పొయ్యి, అగరుబత్తి పొగ ఉండకూడదు. మన వైపు వేసవి దుమ్ము తెలిసిందే. పరుపు, దుప్పట్లు దులిపి ఎండలో వేయండి. నిద్రవేళ రోజూ ఒకటే ఉండాలి.

ఇంట్లో గోటితోనో, బ్లేడుతోనో పొర తెంచే పని ఎన్నడూ చేయకండి. రక్తం ఆగక ప్రాణం మీదికి రావచ్చు.

వారంలో చాలా రాత్రులు గురక, నోటితో శ్వాస, నిద్రలో చెమటలు, మళ్లీ మొదలైన పక్కతడపడం, పగటి కునుకు ఉంటే పావగడ ఆస్పత్రిలో చూపించండి. గురక పెడుతున్నప్పుడు సెల్‌ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపితే మేలు. ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, పెదవులు నీలమైనా తెల్లవారేదాకా ఆగకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి డాక్టర్ల బృందం రావాలి. వచ్చిన రోజు బిడ్డ గురక సంగతి మీరే నోరు తెరిచి చెప్పండి.

నాలుక ముడి అనగానే సూరా తాహాలో మూసా అలైహిస్సలాం చేసిన దుఆ గుర్తొస్తుంది. మనమూ దుఆ చేద్దాం. దుఆతోపాటు దవా కూడా చేయిద్దాం. అల్లాహ్ మన పిల్లలకు హాయైన నిద్ర ప్రసాదించుగాక. ఆమీన్.