మండించే లిగ్నిన్‌లో మీకు కొలువుందా?

కామారెడ్డి స్టేషన్‌లో హైదరాబాద్ బండి ఎక్కే డిగ్రీ పిల్లల్ని అడగండి, అమీర్‌పేటలో కోర్సుకనే చెబుతారు. కెమిస్ట్రీ చదివినవాళ్లదీ అదే మాట. ఈ నాలుగు ముక్కలు వాళ్ల కోసమే.

అడ్లూర్ ఎల్లారెడ్డిలో (ఎల్లారెడ్డి పట్టణం కాదు, సదాశివనగర్ మండలంలోని ఊరు) చక్కెర ఫ్యాక్టరీ ఉంది. అక్కడి చెరకు పిప్పిలో సుమారు ఐదో వంతు లిగ్నినే. కలపలో 20 నుంచి 30 శాతం. పీచును పట్టి ఉంచే జిగురు అనుకోండి. కాగితానికి అది పనికిరాదు. అందుకే మిల్లులో కలప ముక్కల్ని కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్‌తో 160-170 డిగ్రీల్లో ఉడికించి విడగొడతారు. మిగిలిన బ్లాక్ లిక్కర్‌ను చిక్కబరిచి రికవరీ బాయిలర్‌లో మండిస్తారు. ఆవిరి, కరెంటు వస్తాయి, రసాయనాలూ తిరిగి దక్కుతాయి. కాబట్టి ఇంటర్వ్యూలో ‘లిగ్నిన్ వృథాగా పోతోంది సార్’ అనకండి, నవ్వుతారు.

మంటకంటే మంచి ధర ఎక్కడొస్తుందన్నదే ప్రశ్న. నార్వేలో బోరెగార్డ్ కంపెనీ కలప లిగ్నిన్ నుంచి వెనిలిన్ తీస్తోంది, ఐస్‌క్రీమ్‌కు వాసననిచ్చేది అదే. ప్లైవుడ్ జిగురులో ఫినాల్‌కు కొంత బదులుగానూ లిగ్నిన్ వాడొచ్చు. 2013లో అమెరికాలోని ప్లిమత్‌లో డోమ్‌టార్ మిల్లు, బ్లాక్ లిక్కర్‌లోకి కార్బన్ డయాక్సైడ్ పంపి లిగ్నిన్‌ను వేరుచేయడం మొదలుపెట్టింది. నాకు నచ్చిన లెక్క ఇక్కడే ఉంది. చాలా మిల్లుల్లో ఉత్పత్తి పెరగకుండా ఆపేది రికవరీ బాయిలర్ సామర్థ్యమే. కొంత లిగ్నిన్ ముందే తీసేస్తే, అదే బాయిలర్‌తో ఇంకాస్త పల్ప్ చేయొచ్చు. లిగ్నిన్ అమ్మిన డబ్బు అదనం.

మన రాష్ట్రంలో సారపాకలో ఐటీసీ, కాగజ్‌నగర్‌లో సిర్పూర్ మిల్లులున్నాయి. 2014లో మూతపడిన సిర్పూర్, 2018లో జేకే పేపర్ చేతికొచ్చాకే మళ్లీ తెరుచుకుంది. కాగితం అమ్మకాల మీదే బతికే ఊరికి రెండో సరుకు ఎంత అవసరమో కాగజ్‌నగర్‌ను చూస్తే తెలుస్తుంది.

అయితే ‘లిగ్నిన్ ఇంజినీర్’ అని నోటిఫికేషన్ పడుతుందని ఎదురుచూడొద్దు. ఆ పేరుతో సర్టిఫికెట్ అమ్మేవాళ్లకు ఫీజు అసలే కట్టొద్దు. మిల్లుల్లో ఉండేవి ల్యాబ్, పల్ప్ మిల్, బాయిలర్ ఉద్యోగాలే. టైట్రేషన్, మెటీరియల్ బ్యాలెన్స్ చేతిలో ఉంటే చాలు, లోపలికి వెళ్లాక దారి కనబడుతుంది. పైచదువు కావాలంటే ఐఐటీ రూర్కీ సహారన్‌పూర్ క్యాంపస్ చూడండి. కేంద్ర పల్ప్, పేపర్ పరిశోధన సంస్థ ఉన్నదీ ఆ ఊళ్లోనే.

ఈలోపు క్రషింగ్ సీజన్‌లో హెచ్‌ఓడీతో ఒక లెటర్ రాయించుకుని చక్కెర ఫ్యాక్టరీ చూసి రండి. పిప్పిలో తేమ ఎంత, టన్నుకు ఆవిరి ఎంత అని బాయిలర్ దగ్గర అడగండి.