కొడుకుల పెంపకం ఏ శాఖ బాధ్యత?

న్యూఢిల్లీ: ఈ రాజధానిలో మహిళా సంక్షేమానికి ఒక మంత్రిత్వశాఖ ఉన్నది, ఒక జాతీయ కమిషన్ ఉన్నది, పార్లమెంటులో ప్రత్యేకంగా ఒక సంఘమూ ఉన్నది. ఆడపిల్లను బతకనివ్వండి, బడికి పంపండి అని తల్లిదండ్రులకు నచ్చజెప్పే పథకాలు ఉన్నవి. మగపిల్లవాడిని ఎట్లా పెంచాలో ఆలోచించవలసిన బాధ్యత ఎవరిదని వెతికితే మాత్రం ఏ కార్యాలయం తలుపు మీదా ఆ బోర్డు నాకు కనిపించలేదు.

2015 జనవరి 22న ప్రధాని మోదీ 'బేటీ బచావో, బేటీ పఢావో' పథకాన్ని హర్యానాలోని పానిపట్టులో ప్రారంభించారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్రంలో ఆరేళ్ల లోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 834 మందే. హర్యానాను చూసి మనం ముక్కున వేలు వేసుకోనక్కరలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో 961గా ఉన్న ఈ సంఖ్య 2011 నాటికి 939కి దిగజారింది. పథకం సదుద్దేశాన్ని ఎవరూ శంకించనక్కరలేదు గాని, 2016-19 మధ్య దానికి విడుదలైన 446.72 కోట్ల రూపాయలలో 78.91 శాతం ప్రచారానికే ఖర్చయినదని పార్లమెంటు మహిళా సాధికారత సంఘం 2021 డిసెంబరులో ఎత్తిచూపింది. అంత ప్రచారంలోనూ నినాదమంతా కూతురి గురించే. ఆమెను ఎవరి నుంచి రక్షించవలసి ఉన్నదో, అతడు ఏ ఇంట్లో ఏ విధంగా పెరిగాడో ఆ నినాదం చెప్పదు.

ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నది జస్టిస్ జె.ఎస్. వర్మ సంఘం. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తరువాత ఏర్పడిన ఆ సంఘం 29 రోజులలో పని ముగించి 2013 జనవరి 23న నివేదిక సమర్పించింది. శిక్షల గురించి చెప్పి ఊరుకోక, విద్య, దృక్పథాల సంస్కరణ గురించి ఒక అధ్యాయమే రాసింది. శిక్షలకు సంబంధించిన భాగం, కొన్ని మార్పులతో, ఏప్రిల్ నాటికే చట్టమైనది. బడికి సంబంధించిన భాగానికి ఆ వేగం దక్కలేదు. నేరం చేసిన యువకుడి మీదకు చట్టం పరుగెత్తిపోతుంది. పన్నెండేళ్ల బాలుడి దగ్గరకు నడిచి వెళ్లడానికి మాత్రం మన వ్యవస్థకు తీరిక లేదు.

వెళ్లి ఉంటే ఏమి జరిగేదో తెలుసుకోవడానికి ఒక ఆధారం ఉన్నది. అదీ హర్యానాలోనే. 2014-16 మధ్య సోనీపట్, పానిపట్, రోహ్‌తక్, ఝజ్జర్ జిల్లాలలో 'బ్రేక్‌త్రూ' అనే స్వచ్ఛంద సంస్థ ప్రభుత్వ పాఠశాలలలో ఒక ప్రయత్నం చేసింది. బాలబాలికలను కలిపి కూర్చోబెట్టి, ముప్పావుగంట చొప్పున స్త్రీ పురుష సమానత్వం మీద చర్చ జరిపించారు. ఇంటిపని ఎవరిది, చదువు మానవలసి వస్తే ఎవరు మానాలి, మగవాడు ఏడిస్తే తప్పేమిటి వంటి ప్రశ్నలకు అక్కడ చోటు దొరికింది. మొత్తం 314 పాఠశాలలలో దాదాపు సగం బడులలో పాఠాలు చెప్పి, తక్కిన వాటితో పోల్చి చూశారు. సుమారు 14,000 మంది విద్యార్థుల మీద జరిగిన ఈ పరిశీలన ఫలితాలు 2022లో అమెరికా ఆర్థిక శాస్త్రవేత్తల సంఘం పత్రికలో వెలువడినవి. వివక్షతో కూడిన అభిప్రాయాలలో 16 శాతం మారినవని తేలింది. పాఠాలు ముగిసిన రెండేళ్ల తరువాత మళ్లీ అడిగినా ఆ మార్పు నిలిచే ఉన్నది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మరొక అంశం. నడవడిలో మార్పు బాలికలలో కంటె బాలురలోనే హెచ్చుగా కనిపించింది. ఇంటిపనిలో మునుపటికంటె ఎక్కువగా పాలుపంచుకొంటున్నామని వారు చెప్పారు. కారణం ఊహించడం కష్టం కాదు. ఆడపిల్ల మనసు మారినా గడప దాటడానికి పెద్దల అనుమతి కావాలి. మగపిల్లవాడు చీపురు పట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మారే స్వేచ్ఛ కూడా మనం వాడికే ఎక్కువ ఇచ్చాము! ఇవి పిల్లలు తమ గురించి తాము చెప్పుకొన్న మాటలే గనుక అద్భుతం జరిగినదని చాటడం తగదు. అయినా తరగతి గదిలో మాట్లాడితే ఫలితం ఉంటుందనడానికి ఇంతకంటె గట్టి నిదర్శనం మన దేశంలో నాకు కనిపించలేదు.

పెంపకం కుటుంబ విషయమని, ప్రభుత్వానికి అందులో పని లేదని కొందరి వాదన. పాఠ్యపుస్తకంలో తల్లి వంటింట్లోను, తండ్రి పడకకుర్చీలోను కూర్చున్న బొమ్మ వేసినప్పుడు ప్రభుత్వం పాఠం చెప్పడం లేదా? కొత్త పాఠ్యపుస్తకాల ద్వారా కొత్త విలువలు నేర్పుతామని 1986 జాతీయ విద్యావిధానమే మాట ఇచ్చింది. 2024లో కేరళ ప్రభుత్వం మూడవ తరగతి పుస్తకంలో కొబ్బరి తురుముతున్న తండ్రి బొమ్మ వేయించింది. దానికి బడ్జెటులో పద్దు అక్కరలేదు. అది దేశమంతటా వార్త అయినదంటే మన పుస్తకాలు ఇంతకాలం ఎట్లా ఉన్నవో తెలుస్తూనే ఉన్నది.

కేంద్ర గణాంక శాఖ 2024 సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఇందులో నష్టం స్త్రీది మాత్రమే అనుకోవడం పొరపాటు. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకొన్న 1,70,924 మందిలో ప్రతి పదిమందికి ఏడుగురు పురుషులే. కారణాలు అనేకం, అప్పులున్నవి, జబ్బులున్నవి. అయితే కష్టం వచ్చినప్పుడు నోరు విప్పి చెప్పుకోవడం మగతనానికి లోటని చిన్ననాడే నేర్పిన సమాజం ఈ లెక్కలో తన వంతు లేదని తప్పించుకోలేదు.

మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్లు ఊరకే అనలేదు. మానును నరికే చట్టాలు మనకు కావలసినన్ని ఉన్నవి. మొక్క మాట చూసుకొనే శాఖ పార్లమెంటు వచ్చే సమావేశాలలో పుట్టుకొస్తుందన్న భ్రమ నాకు లేదు. అందాకా బడినుంచి ఇంటికి వచ్చిన కొడుకు, మంచినీళ్లు తెమ్మని తానూ బడినుంచే వచ్చిన చెల్లెలిని కేకవేసినప్పుడు, "లేచి నువ్వే తెచ్చుకో, దానికీ ఒక గ్లాసు తే" అని ఆ ఇంటి తండ్రి అనగలిగితే చాలు. తల్లి అంటే ఆ మాట మందలింపు అవుతుంది. తండ్రి అంటే పాఠమవుతుంది.