సుమాక్ – ఉప్పు డబ్బా పక్కన ఉండవలసిన పులుపు

కొంతకాలం క్రిందట నాకు పరిచయమున్న ఒక పెద్దాయన ముదురు ఎరుపు రంగు పొడి ఉన్న పొట్లం తెచ్చి నా ముందుంచారు. కువైట్‌లో పనిచేస్తున్న కుమారుడు పంపించాడట. “దీన్ని రోజూ నీళ్ళలో కలుపుకొని త్రాగితే మధుమేహం, రక్తపుపోటు రెండూ పోతాయని వీడియోలో చెప్పారు డాక్టరు గారూ! మాత్రలు మానేసి మూడు వారాలయింది” అన్నారు. పరీక్షిస్తే ఆయన రక్తపుపోటు 180/100 ఉన్నది. పొట్లం వెనుక ఉన్న పదార్థాల జాబితా చదివాను. అందులో రెండే పేర్లు ఉన్నాయి: సుమాక్, ఉప్పు. మాత్రలు మానిన ఆ మనిషి మందు అనుకొని రోజూ ఉప్పు త్రాగుతున్నారు!

ఇందులో సుమాక్ దోషమేమీ లేదు. అది చక్కని మసాలా దినుసు. ‘రస్ కొరియారియా’ అనే పొద మధ్యధరా సముద్ర తీర దేశాలలోను, టర్కీ, ఇరాన్ ప్రాంతాలలోను పెరుగుతుంది. దాని ఎర్రని చిన్న కాయలను ఎండబెట్టి పొడి చేస్తారు. ఆపిల్‌కు పులుపునిచ్చే మాలిక్ ఆమ్లమే దీనికీ ముఖ్యంగా పులుపునిస్తుంది. టానిన్ల వలన కొద్దిగా వగరు కూడా ఉంటుంది. క్రీ.శ. 1వ శతాబ్దంలోనే గ్రీకు వైద్యుడు డయాస్కోరిడీస్ తన ఔషధ గ్రంథంలో దీనిని పేర్కొన్నాడు.

ఇరాన్‌లో అన్నంతో వడ్డించే కబాబులపై దీనిని చల్లుకొంటారు. టర్కీలో పచ్చి ఉల్లిపాయ ముక్కలలో కలుపుతారు. లెబనాన్ వారి ‘ఫత్తూష్’ అనే కూరగాయల సలాడ్‌కు, ఉల్లిపాయలు, కోడిమాంసం రొట్టెపై పరచి చేసే పాలస్తీనా వారి ‘ముసఖ్ఖన్’కు రుచి దీనివల్లనే వస్తుంది. ‘జాతర్’ అనే పొడిలో నువ్వులతో పాటు ఇదీ ఉంటుంది. మనం చింతపండును, నిమ్మకాయను వాడినట్లే వారు దీనిని వాడతారు. ఆ దేశాలలో ఇది నిత్య భోజనంలో భాగం.

ఇక ఆరోగ్యం మాటకు వద్దాం. సుమాక్‌లో టానిన్లు, ఆంథోసయనిన్లు వంటి యాంటీ ఆక్సిడెంట్లు సమృద్ధిగా ఉన్నాయి. మధుమేహ వ్యాధిగ్రస్తులకు రోజుకు సుమారు 3 గ్రాముల పొడి ఇచ్చి ఇరాన్‌లో కొన్ని పరీక్షలు చేశారు. కొందరిలో రక్తంలోని చక్కెర కొంత తగ్గింది. అయితే అవి కొద్ది పదుల మందిపై, కొద్ది వారాలో నెలలో జరిగిన చిన్న పరీక్షలు. వాటిని చూపి మాత్రలు మానమనడం బాధ్యత గల మాట కాదు. అదుపు తప్పిన రక్తపుపోటు నొప్పి తెలియకుండానే మెదడును, గుండెను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

నా అభిప్రాయంలో సుమాక్ వలన మనకు కలిగే నిజమైన మేలు ఉప్పు తగ్గించుకోవడానికి తోడ్పడటం. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే ఒక టీ స్పూను కంటె తక్కువ. మన ఊరగాయలు, అప్పడాలు, పచ్చళ్ళు ఆ హద్దును సులభంగా దాటిస్తాయి. పులుపు తగిలితే నాలుకకు ఉప్పు తక్కువైన లోటు అంతగా తెలియదు. కీరా ముక్కలపై, ఉడికించిన సెనగలపై, కాల్చిన చేపపై ఉప్పుకు బదులు చిటికెడు సుమాక్ చల్లి చూడండి. అది దొరకకపోతే దిగులు పడనక్కరలేదు. నిమ్మరసం, మామిడి ఒరుగుల పొడి కూడా ఈ పనే చేస్తాయి. ఖరీదు పెట్టి విదేశీ పొడి కొనవలసిన అవసరం లేదు.

కొన్ని జాగ్రత్తలు అవసరం. ఉప్పు కలపని పొడినే ఎన్నుకోండి. సుమాక్ మామిడి, జీడిమామిడి, పిస్తా చెట్ల కుటుంబానికి చెందినది. కనుక జీడిపప్పు, పిస్తా పడనివారు దీనికి దూరంగా ఉండాలి. అమెరికాలో నివసించే తెలుగువారు అడవి పొదల కాయలు కోసుకొని పొడి చేసుకోవద్దు. అక్కడ ‘పాయిజన్ సుమాక్’ అనే విషపు మొక్క ఉన్నది. దానిని తాకినా చర్మంపై బొబ్బలు లేస్తాయి.

ఆ పెద్దాయన మరల మాత్రలు వేసుకొంటున్నారు. ఆయన రక్తపుపోటు అదుపులోనికి వచ్చింది. ఇప్పుడు కుమారుడు ఉప్పు లేని సుమాక్ పంపిస్తున్నాడు. దానిని ఉల్లిపాయ ముక్కలపై చల్లుకొని, భోజనంలో ఊరగాయ మానుకొన్నారు. దూరదేశం నుండి ఇంటికి పొడులు, కషాయాలు పంపే పిల్లలకు నా మనవి ఒకటే. పొట్లంతో పాటు “నాన్నా, మాత్రలు మానవద్దు” అన్న మాట కూడా పంపండి.