గురుత్వానికి గీటురాయి

ఫలితాన్ని బట్టి మనిషిని అంచనా వేయడం లోకరీతి. గెలిచినవాడు సమర్థుడు, ఓడినవాడు అసమర్థుడు అని తీర్పు చెప్పడానికి పెద్ద శ్రమ అక్కరలేదు. కాని ఆ ఫలితం ఏ వనరులతో, ఏ పరిస్థితులలో సిద్ధించిందో విచారించని తీర్పు తూనికరాళ్లు లేని తక్కెడ వంటిది. చిన్న జట్లకు శిక్షణనిచ్చే గురువుల విషయంలో ఇటువంటి తీర్పులే ఎక్కువ.

కొల్లేటి సంగతే చూడండి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న ఈ సరస్సులోకి బుడమేరు, ఏలూరు పక్కగా పారే తమ్మిలేరు మొదలైనవి నీటిని చేరుస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి కొనిపోతుంది. ఒకనాటి నీటిమట్టాన్ని మాత్రమే చూచి సరస్సు స్థితిని చెప్పలేము. వచ్చినదెంత, పోయినదెంత అన్న లెక్క కూడా కావాలి. చిన్న జట్టు స్థితి కూడా అంతే. దానిలో చేరేవారు పేరులేనివారు. పేరు వచ్చినవారు పెద్ద జట్లకు తరలిపోతారు. శిక్షకుని ప్రతిభను ఈ రాకపోకల నడుమ కొలవాలి.

ఈ కొలతకు నిలిచిన తెలుగునాటి ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదులో ఉపాధ్యాయ వృత్తి చేసిన ఈయన 1950 నుండి 1963లో కన్నుమూసే వరకు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆనాడు దేశంలో ఫుట్‌బాల్‌కు రాజధాని కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ వంటి సంఘాలకు అభిమాన జనసముద్రం ఉండేది. దేశం నలుమూలల నుండి ఆటగాళ్లను రప్పించుకొనే శక్తీ వాటికి ఉండేది. వాటి ఎదుట ఒక ప్రభుత్వ శాఖకు చెందిన జట్టు నిలిచింది. బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలుచుకొంది. డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957లలోను, ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా మారిన తరువాత 1961లోను సాధించింది.

ఇక్కడ రెండు ఆక్షేపణలు రావచ్చు. హైదరాబాదులో ఫుట్‌బాల్ అప్పటికే బలంగా ఉన్నది కదా అన్నది మొదటిది. పోలీసు ఉద్యోగం ఆటగాళ్లకు జీవనభద్రత కల్పించింది కదా అన్నది రెండవది. రెండూ నిజాలే. ఘనతనంతటినీ ఒక్కరికే అంటగట్టడం న్యాయం కాదు. అయితే సారవంతమైన నేల ఉన్నంత మాత్రాన పంట దానంతటదే పండదు. ఆటగాడు బంతిని తనవద్దనే అట్టిపెట్టుకోకుండా సహచరునికి అందించాలని, రెండు కాళ్లతోను సమానంగా ఆడాలని రహీం పట్టుబట్టేవారు. వ్యక్తుల నైపుణ్యాన్ని జట్టు బలంగా మార్చినది ఈ క్రమశిక్షణే.

ఆయన లెక్కలో ఓటములూ ఉన్నాయి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. దానిని దాచిపెట్టి చేసే ప్రశంస నిలువదు. కాని అదే గురువు నడిపిన జట్టు 1956 మెల్‌బోర్న్‌లో నాలుగవ స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో తొలి పోటీలో దక్షిణ కొరియాకు 2-0తో తలవంచిన జట్టు, తుది పోటీలో ఆ దేశాన్నే 2-1తో జయించి స్వర్ణం తెచ్చింది. తలకు గాయమైన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడించడం రహీం సాహసం. ఆ జర్నైల్ ఫైనల్లో ఒక గోలు చేశాడు. ఆ తరువాత నేటివరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు స్వర్ణం రాలేదు.

సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం రహీం దృష్టిలో పడి మెల్‌బోర్న్ జట్టులో చేరాడు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ సంఘానికి వెళ్లాడు. పట్టికలలో ఆతని గోలులు ఆ సంఘం ఖాతాలో చేరాయి. కాని వాటి వెనుకనున్న శిక్షణ ఎవరి ఖాతాలో చేరాలి?

కాళిదాసు 'మాళవికాగ్నిమిత్రం'లో గణదాసు, హరదత్తుడు అనే నాట్యాచార్యులు తమలో ఎవరు అధికులని వాదులాడుకొంటారు. శిష్యుల ప్రదర్శనను బట్టి గురువుల యోగ్యత తేల్చాలన్న నిర్ణయం అక్కడ జరుగుతుంది. ఆ గీటురాయికి నేడు మరొక గుర్తు జోడించాలి. శిష్యుడు ఎంత ఎత్తున నిలిచాడన్నదే కాదు, ఎక్కడ నుండి బయలుదేరాడన్నది కూడా చూడాలి. ఏరికోరి మెరికలను చేర్చుకొని మొదటి ర్యాంకులు ప్రకటించుకొనే విద్యాసంస్థకు, వచ్చిన ప్రతి విద్యార్థినీ ఒక మెట్టు పైకెక్కించే చిన్న ఊరి కళాశాలకు ఒకే కొలత పనికిరాదు.

ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాల మైదానాలలో పిల్లలకు ఆట నేర్పే శిక్షకులకు ఈ మాట మరింత వర్తిస్తుంది. వారి శిష్యులు రాణిస్తే పెద్ద నగరాలకు వెళతారు. ఆ వెళ్లిపోవడాన్ని గురువు నష్టంగా కాక, ఆయన సాధించిన ఫలంగా లెక్కించాలి. అలా లెక్కించని సమాజంలో చిన్న ఊళ్లకు మంచి గురువులు మిగలరు. వారు మిగలని నాడు పెద్ద జట్లకూ ఆటగాళ్లు దొరకరు.