అక్షయపాత్రకి రూల్స్ లేవన్నదెవరు?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడే మన సాఫ్ట్‌వేర్ మిత్రుల నోట తరచూ వినే మాట ఒకటుంది: "వాళ్ళ మ్యాజిక్‌కి స్పెక్ ఉంటుంది బాసూ, మన పురాణాల్లో చెయ్యి ఊపితే అన్నీ వచ్చేస్తాయి." ఈ మధ్య మా నాగారంలోనే ఉంటూ పోచారం క్యాంపస్‌కి వెళ్ళొచ్చే ఒకాయన కూడా ఇదే పాట ఎత్తుకున్నాడు. ఒళ్ళు మండింది. అందుకే ఈ టపా.

సరే, ముందు వాళ్ళ స్పెక్కే చూద్దాం. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన ఆట ఇది. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో 'క్రియేట్ ఫుడ్ అండ్ వాటర్' అనే మంత్రం ఉంది. 45 పౌండ్ల తిండి, 30 గ్యాలన్ల నీళ్ళు పుట్టిస్తుంది. పదిహేను మందికి ఒక రోజుకి చాలు. రుచీ పచీ ఉండదు, 24 గంటల్లో తినకపోతే పాడైపోతుంది. 'గుడ్‌బెర్రీ' అని ఇంకోటి, ఒక్క పండు తింటే రోజంతా ఆకలి తీరినట్టే. 'హీరోస్ ఫీస్ట్' అయితే మరీ ఖరీదు: వెయ్యి బంగారు నాణేల విలువైన, రత్నాలు పొదిగిన గిన్నె కావాలి, అది మంత్రంతోపాటే హరించుకుపోతుంది. (విస్తరాకుల్లో పెట్టొచ్చుగా నాయనా!)

లెక్కలు బావున్నాయి, కాదనను. కానీ ఐదో లెవెల్ క్లెరిక్ ఒకడు జట్టులో చేరాడంటే ఆ ఆటలో ఇక ఆకలి అన్న మాటే వినపడదు. వండేవాడు లేడు, గిన్నెలు తోమేవాడు లేడు, ఆఖర్న తినేవాడూ లేడు. ఇన్ని అంకెలు రాసింది ఆకలిని ఆటలోంచి తీసెయ్యడానికా?

ఇప్పుడు మనది. అరణ్యపర్వంలో ధర్మరాజు ధౌమ్యుడి సలహాతో సూర్యుణ్ణి స్తుతించి రాగిపాత్ర సంపాదించాడు. గడువు పన్నెండేళ్ళు. ద్రౌపది తిననంతవరకూ ఎంతమందికైనా వడ్డించొచ్చు. ఆవిడ తిన్నదా, ఆ రోజుకి ఇక అంతే. ఇంతకన్నా స్పష్టమైన టెర్మినేటింగ్ కండిషన్ ఎవడైనా రాయగలడా?

రూలే లేకపోతే దుర్యోధనుడికి అంత ప్లాన్ ఎందుకు? పదివేలమంది శిష్యులున్న దుర్వాసుణ్ణి పట్టుకుని, ద్రౌపది తిన్నాక వెళ్ళమని మరీ చెప్పి పంపాడు. సర్వర్ ఎప్పుడు పడుకుంటుందో తెలుసుకుని అప్పుడు లోడ్ పెంచడమన్నమాట! కృష్ణుడొచ్చి ఏం చేశాడు? పాత్రని రీస్టార్ట్ చెయ్యలేదండీ. అంచున అంటుకున్న ఆకుకూర ముక్క నోట్లో వేసుకున్నాడు, అక్కడ నదిలో స్నానం చేస్తున్న మునులకి కడుపులు నిండిపోయాయి. రూల్ చెక్కుచెదర్లేదు, రిక్వెస్టులే మాయమైపోయాయి.

అలాగని "అక్షయపాత్ర మన ప్రాచీన ఫుడ్ టెక్నాలజీ" అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసి ఛాతీ విరుచుకునే బ్యాచ్‌తో కూడా నాకు పేచీయే. బాబూ, ఆ కండిషన్ ఇంకోసారి చదవండి. ముందు విప్రులు, తర్వాత తమ్ముళ్ళు, ఆ తర్వాత మిగిలింది ధర్మరాజు, అందరికన్నా ఆఖర్న ద్రౌపది. లోకంలో అందరి ఆకలీ తీర్చే పాత్రకి ఆఫ్ స్విచ్ ఏంటయ్యా అంటే, వడ్డించిన మనిషి అన్నం తినడం! పొద్దున పదింటికి ఆవిడకి ఆకలేసి ఒక్క ముద్ద తింటే, ఆ తర్వాత వచ్చిన అతిథికి పస్తే. మహిమ పాత్రదే గానీ, దాన్ని నడిపించే ఇంధనం ఆవిడ ఆకలి. క్రియేట్ ఫుడ్ మంత్రంలో లేనిది ఇదే. మన కథ ఆకలిని మాయం చెయ్యలేదు, ఎవరి మీదకి నెట్టిందో ఉన్నదున్నట్టు రాసిపెట్టింది. గర్వపడాలనుకుంటే ఆ నిజాయితీకి గర్వపడండి. అది పురాణం కదా అంటారా, నాగారంలో ఏ అపార్ట్‌మెంట్‌కైనా వినాయక చవితి భోజనాలప్పుడు రండి. మగాళ్ళం ఒంటిగంటకల్లా చేతులు కడుక్కుని నీడలో చేరతాం. వడ్డించిన ఆడవాళ్ళు మూడింటికి కూర్చునేసరికి పులిహోర అడుగంటి ఉంటుంది.

అందుకని మిత్రమా, నీ ఆటలో వచ్చే శనివారం ఆ హీరోస్ ఫీస్ట్ పక్కన పెట్టి ఈ రాగిపాత్రని దింపు. రూల్స్ పైన రాసే ఉన్నాయి, ఒక్కటీ మార్చొద్దు. ఆఖర్న తినేది ఎవరో మాత్రం పాచికలు వెయ్యకుండా నువ్వే రాయాలి. ఎవరి పేరు రాస్తావో నాకు చెప్పు.