ఎన్ని మగ్గాలను కొలవాలి?

ఐదు మగ్గాలను పదేసి రోజులు కొలిచి, "యాభై నమూనాలు సేకరించాము" అని విద్యార్థులు నివేదికలలో వ్రాయడం నేను చూశాను. నేను తెలుగు బోధించేవాడను. గణితశాఖ మిత్రులు మన్నింతురు గాక. అయినా "యాభై" అన్న మాటకు అర్థం విచారించడం భాషోపాధ్యాయునికీ తగిన పనే.

ఉప్పాడనే తీసుకుందాం. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన జామ్దానీ చీరకు పేరు పారసీకం, పనితనం తెలుగు. సాధారణంగా మగ్గానికి ఇద్దరు కూర్చుని నేస్తారు. కనుక లెక్కకు మనిషి గాక మగ్గమే ప్రమాణం. ఒక మగ్గం నేటి నేత రేపటి నేతను పోలి ఉంటుంది. ఆ పోలికను తెలిపే సహసంబంధ గుణకం 0.8 అనుకుంటే, సగటును నిర్ణయించడంలో ఆ యాభై కొలతల విలువ ఆరు మగ్గాలను ఒక్కొక్కసారి కొలిచినంతే!

విచిత్రమేమంటే, అక్కడ నష్టం చేసిన పోలికే మార్పును పరీక్షించేటప్పుడు మేలు చేస్తుంది. కొత్త దీపం అమర్చితే నేత రోజుకు ఒక అంగుళం పెరుగుతుందా అన్నది ప్రశ్న. ప్రామాణిక విచలనం రెండు అంగుళాలనుకుందాం (ఇవి నా ఊహాంకాలే). లేని తేడాను ఉన్నదనే పొరపాటు నూటికి ఐదుకు మించరాదు. ఉన్న తేడాను నూటికి ఎనభైసార్లు పట్టుకోవాలి. ఈ రెండవదే పరీక్షాశక్తి. 1933లో నేమన్, ఎగాన్ పియర్సన్‌లు దీనికి పునాది వేశారు. వేర్వేరు మగ్గాలను పోల్చితే పక్షానికి 63 చొప్పున 126 కావాలి. అవే మగ్గాలను రెండు దీపాల క్రిందా కొలిస్తే, గుణకం 0.5 అయినప్పుడు 32, 0.8 అయినప్పుడు 13 చాలు. చిన్న నమూనా గనుక మరి రెండు మూడు కలుపుకోవాలి. సగం మగ్గాలకు కొత్త దీపం ముందు, తక్కిన సగానికి పాతది ముందు పెట్టాలి. లేనిచో వానాకాలపు తేమ చేసిన మార్పు దీపం ఖాతాలో పడుతుంది.

గుణకం 0.5 అయినచోట ఐదు మగ్గాలతోనే ముగిస్తే, నిజమైన తేడా ఐదింట నాలుగుసార్లు కంటపడదు. అప్పుడు "దీపం వల్ల ప్రయోజనం లేదు" అని మనం వ్రాస్తాము. నేతగాని కంటికి దక్కవలసిన వెలుగు మన అజ్ఞానం వల్ల దక్కదు. అవసరానికి మించి కొలవడమూ అన్యాయమే, కొలతకు ఆగిన గంట వారి కూలిలో తరుగు గదా!

అందుచేత కమిటీవారికి నా మనవి: కొన్ని మగ్గాలపై వారం రోజులు ముందుగా కొలిచి, విచలనాన్నీ గుణకాన్నీ అంచనా కట్టి, ఎన్ని మగ్గాలు కావాలో వ్రాసి చూపిన తరువాతనే ప్రాజెక్టుకు అనుమతి ఇవ్వండి.