నేలలోని నాణెము

అలంపురమున తుంగభద్రాతీరమందు బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయములు కలవు. ఇట్టి ప్రాచీన స్థలములలో లోహమును కనుగొను యంత్రములతో పాత నాణెములకై నేల త్రవ్వుట తగదు. "దొరికినవానిదే సొత్తు" అని కొందరందురు. అది పొరపాటు.

నాణెమునకు వెండివలన వచ్చు విలువ గోరంత. దొరికిన చోటువలన వచ్చు విలువ కొండంత. ఏ మట్టిపొరలో, ఏ కుండపెంకుల చెంత నున్నదో తెలిసినప్పుడే అది సాక్ష్యము చెప్పగలదు. కోటిలింగాలలో దొరికిన చిముకుని నాణెములు తొలి శాతవాహనులకు తెలంగాణముతో గల సంబంధమును చాటినవి. ఆ చోటు తెలియకున్నచో అవి మూగవోయెడివి.

పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినవారు కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించినది. బాలలారా! నాణెము కనబడినచో ఆ చోటు గుర్తుంచుకొని పెద్దలకు చెప్పుడు. పూర్వులు వ్రాసిన జాబును చింపివైచి తపాలాబిళ్లను మాత్రమే దాచుకొనువాడు వివేకి యగునా?